కాల్ ముగిశాక ఏం జరుగుతోంది? టెలివైద్యం ఎదుగుదలను కొలిచే పద్ధతి

క్లుప్తంగా: ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవనిలో కన్సల్టేషన్లు కోట్లకు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ వాటా చాలా పెద్దది. ఈ లెక్క సేవ ఎంత దూరం పాకిందో చెబుతుంది గానీ ఎంత ఎదిగిందో చెప్పదు. రాసిన మందు చేతికందిందా, చెప్పిన పరీక్ష జరిగిందా, రిఫర్ చేసిన రోగి ఆసుపత్రికి చేరారా, మళ్లీ మాట్లాడినప్పుడు పాత వివరాలు డాక్టర్‌కు కనిపించాయా అనేవే ఎదుగుదలకు గుర్తులు. ఈ లెక్కన మన టెలివైద్యం కొన్ని పనుల్లో చాలా ముందుంది. సాధారణ ఓపీలో మాత్రం ఇంకా సగం దారిలోనే ఉంది.

లెక్కలు ఎందుకు తికమక పెడుతున్నాయి

ఈ-సంజీవని పది కోట్ల కన్సల్టేషన్లు దాటిందని కేంద్ర ఆరోగ్య శాఖ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. అప్పుడు ఇచ్చిన రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, 3.17 కోట్లు. తమిళనాడు 1.24 కోట్లతో, పశ్చిమ బెంగాల్ 1.23 కోట్లతో ఆ తర్వాత ఉన్నాయి. తెలంగాణ 45.9 లక్షలతో ఏడో స్థానంలో నిలిచింది. ఏడాదిన్నర తిరిగేసరికి దేశం మొత్తం లెక్క 25 కోట్లు దాటింది.

ఇంతమంది ఇంటి దగ్గరో, ఊళ్లోనో డాక్టర్‌తో మాట్లాడుతుంటే జిల్లా ఆసుపత్రి ఓపీ దగ్గర క్యూ ఎందుకు తగ్గలేదన్నది చాలామందికి వచ్చే సందేహం. జాబితాను కాస్త పరిశీలనగా చూస్తే ఇంకొకటి వస్తుంది. దాదాపు ఐదు కోట్ల జనాభా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 3.17 కోట్ల కన్సల్టేషన్లు జరిగితే, 23 కోట్ల జనాభా ఉన్న ఉత్తరప్రదేశ్‌లో అదే సమయానికి జరిగినవి 55 లక్షలు. తలసరి లెక్కన తేడా సుమారు పాతిక రెట్లు.

ఆంధ్రలో జబ్బులు పాతిక రెట్లు ఎక్కువేమీ లేవు. ఈ-సంజీవనిలో ఆరోగ్య కేంద్రాలను డాక్టర్లతో కలిపే విభాగాన్ని 2019 నవంబరులో అన్ని రాష్ట్రాలకంటే ముందు మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. గ్రామ స్థాయిలో క్లినిక్‌లు పెట్టి, వాటిలో నర్సింగ్ చదివినవారిని కూర్చోబెట్టి, కాల్ అందుకోవడానికి హబ్‌లలో, అంటే డాక్టర్లు కూర్చునే పై కేంద్రాల్లో, డాక్టర్లను నియమించడంలో కూడా ముందే కదిలింది. కాబట్టి ఆ అంకె ఒక రాష్ట్ర యంత్రాంగం ఎంత గట్టిగా కదిలిందో చెబుతోంది. అది చిన్న విషయం కాదు. కానీ కాల్ చేసినవారికి ఎంత మేలు జరిగిందనే ప్రశ్నకు ఆ అంకెలో జవాబు లేదు.

అరగొండ నుంచి ఈ-సంజీవని దాకా

టెలివైద్యం కోవిడ్‌తో వచ్చిందనే అభిప్రాయం బాగా నాటుకుపోయింది. నిజానికి మన దేశంలో దీని మూలాలు కొన్ని తెలుగు నేల మీదే కనిపిస్తాయి. చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో ఆసుపత్రిని 2000 సంవత్సరంలో నగరాల్లోని స్పెషలిస్టులతో కలిపారు. ఆ మార్చిలో హైదరాబాద్ వచ్చిన అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2001 నుంచి ఇస్రో ఉపగ్రహాల ద్వారా మారుమూల ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలపడం మొదలుపెట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 ఫోన్ సలహా కేంద్రం వచ్చింది. జ్వరమో, నొప్పో ఉంటే ఫోన్ చేసి అడగడం అలా చాలా కుటుంబాలకు అలవాటైంది.

ఈ ఇరవై ఏళ్లూ లేనిది స్పష్టమైన నియమావళి. ఫోన్‌లో సలహా ఇచ్చి రోగికి ఏమైనా అయితే బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. ఫోన్ ద్వారా నడిచిన ఒక వైద్యం కేసులో 2018లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో డాక్టర్లలో టెన్షన్ ఇంకా పెరిగింది. కొందరు తమ పాత రోగులకు కూడా ఫోన్‌లో మందు చెప్పడానికి వెనకాడారు.

లాక్‌డౌన్ మొదలైన రోజునే, అంటే 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు విడుదలయ్యాయి. రిజిస్టర్ అయిన డాక్టర్ వీడియో ద్వారా గానీ, ఫోన్ ద్వారా గానీ, రాతపూర్వక సందేశాల ద్వారా గానీ వైద్యం చెప్పవచ్చని వాటిలో ఉంది. మందుల విషయంలో గీతలు గీశారు. సాధారణ మందులు కొన్ని ఏ పద్ధతిలోనైనా రాయవచ్చు. కొన్నింటిని తొలిసారి రాయాలంటే వీడియో తప్పనిసరి. మరికొన్నింటిని డాక్టర్ ముందు నేరుగా చూసి రాసి ఉంటేనే కొనసాగింపుగా రాయాలి. మత్తు కలిగించే మందుల వంటివి అసలు రాయకూడదు. ఆరోగ్య కార్యకర్త రోగి పక్కన కూర్చుని డాక్టర్‌తో మాట్లాడే సందర్భాన్ని కూడా విడిగా గుర్తించారు. తెలుగు రాష్ట్రాల్లో జరుగుతున్న టెలివైద్యంలో అధిక భాగం ఈ పద్ధతే.

ఆ మార్గదర్శకాలు వచ్చిన మూడు వారాలలోపే, 2020 ఏప్రిల్ 13న, ఇంటి నుంచే నేరుగా డాక్టర్‌తో మాట్లాడే ఈ-సంజీవని ఓపీడీ మొదలైంది. ఇంత వేగంగా రావడానికి కారణం సాఫ్ట్‌వేర్ ముందే సిద్ధంగా ఉండడం. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్‌కు మొహాలీలో ఉన్న కేంద్రం దాన్ని తయారుచేసింది.

ఒకే పేరు, రెండు సేవలు

ఈ-సంజీవని అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు సేవలు నడుస్తున్నాయి. రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పడం తికమకకు ఇంకో కారణం.

ఓపీడీ సేవలో రోగి తన ఫోన్ నంబరు ఇచ్చి, ఓటీపీ కొట్టి, టోకెన్ తీసుకుని వరుసలో ఉంటారు. వంతు వచ్చాక డాక్టర్ తెరమీద కనిపిస్తారు. మాట్లాడడం అయ్యాక మందుల చీటీ ఫోన్‌కు వస్తుంది. స్మార్ట్‌ఫోన్, సిగ్నల్, దాన్ని వాడడం తెలిసిన మనిషి ఉన్న ఇంటికి ఇది బాగా ఉపయోగపడుతుంది. అలాంటి ఇళ్లు ఎన్ని? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ఆ సర్వే తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. అయినా కొడుకు చేతిలో ఉన్న ఫోన్‌లో తన గర్భసంచి సమస్య గురించి డాక్టర్‌తో మాట్లాడగలగడం, సొంత ఫోన్‌లో మాట్లాడగలగడం ఒకటి కావు.

రెండోది హబ్, స్పోక్ పద్ధతి. ఊళ్లో ఉన్న ఆరోగ్య కేంద్రం స్పోక్. దీన్నే ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్ అన్నారు, తెలంగాణలో పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన అన్నారు. 2023 చివర్లో కేంద్రం వీటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చింది. అక్కడ ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)గా ఉన్న నర్సింగ్ పట్టభద్రులు బీపీ, షుగర్ చూసి, వివరాలు ట్యాబ్‌లో ఎక్కించి, హబ్‌లోని డాక్టర్‌కు కాల్ కలుపుతారు. రోగికి ఫోన్ ఉండనవసరం లేదు, ఓటీపీ గొడవ తెలియనవసరం లేదు. పది కోట్లు దాటిన సందర్భంలో ఇచ్చిన లెక్కలో సేవ పొందినవారిలో 57 శాతానికి పైగా మహిళలు. ఇంటర్నెట్ వాడకంలో అంత వెనకబడి ఉన్నా ఇక్కడ వారే ఎక్కువగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం ఊళ్లో తెలిసిన నర్సమ్మ ముందు కూర్చునే వీలుండడం. ఈ పద్ధతికి బలం ఆమే. తెరకు అవతల ఎవరున్నా రోగి నమ్మకం పెట్టుకునేది పక్కనున్న మనిషి మీదే.

ఎదుగుదలను ఎలా కొలుస్తారు

వ్యవస్థలను మెట్ల లెక్కన కొలిచే పద్ధతి సాఫ్ట్‌వేర్ రంగంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఐదు మెట్ల నమూనా తయారైంది. మొదటి మెట్టు మీద పని మనుషుల చొరవతో నడుస్తుంది, వాళ్లు మారితే ఆగిపోతుంది. రెండో మెట్టుకు వచ్చేసరికి ఒకసారి చేసిన పనిని మళ్లీ అలాగే చేయగలుగుతారు. మూడో దాంట్లో పద్ధతి రాతలోకి ఎక్కి అందరికీ ఒకటే అవుతుంది. నాలుగో మెట్టు మీద ఫలితాన్ని కొలుస్తారు. ఐదో దాంట్లో ఆ కొలతను బట్టి పద్ధతిని ఎప్పటికప్పుడు దిద్దుకుంటారు.

ఆరోగ్య రంగానికి ఇదే ఆలోచనను చాలా సంస్థలు మలుచుకున్నాయి. అమెరికా ఖండాల దేశాల ఆరోగ్య సంస్థ అయిన పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ 2020లో తెచ్చిన ప్రశ్నావళి వాటిలో సులభంగా అర్థమయ్యేది. ఆసుపత్రి టెలివైద్యానికి ఎంత సిద్ధంగా ఉందో ఆరు కోణాల్లో అడుగుతుంది: నిర్వహణ సంసిద్ధత, పని పద్ధతులు, డిజిటల్ వసతి, సిబ్బంది, చట్ట నియమాలు, నైపుణ్యం. ఇంటర్నెట్, కంప్యూటర్లు, కెమెరాల వంటివి ప్రధానంగా ఆరింటిలో ఒక కోణం కిందకే వస్తాయి. మన దగ్గర టెలివైద్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చారు, నెట్ ఉందా అన్న దగ్గరే ఆగిపోతుంది. మిగతా ఐదూ మరుగున పడిపోతాయి.

ఈ ప్రశ్నావళులకూ ఒక పరిమితి ఉంది. ఇవి ఎక్కువగా సంసిద్ధతను అడుగుతాయి. నియమావళి ఉందా అంటే ఉంది. శిక్షణ ఇచ్చారా అంటే ఇచ్చారు. ఇలా అన్నింటికీ అవునని టిక్కు పెట్టేసి పై మెట్టు మీద నిలబడవచ్చు. అందుకే కాగితం మీది మెట్లకంటే ఒక రోగి ప్రయాణాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంబడించి చూడడం మేలైన పరీక్ష.

ఏజెన్సీలో ఒక గర్భిణి: ఐదు మలుపులు

పాడేరు వైపు కొండల్లో ఒక ఊరు అనుకుందాం. ఏడో నెల గర్భిణికి తలనొప్పి, కాళ్ల వాపు. ఆశా కార్యకర్త క్లినిక్‌కు తీసుకొచ్చింది. బీపీ 150/100 ఉంది. గర్భిణిలో 140/90 దాటితేనే ఆందోళన పడాల్సిన విషయం. ఎంఎల్‌హెచ్‌పీ హబ్‌కు కాల్ కలిపింది.

కాల్ ఎవరికి వెళ్లిందన్నది మొదటి మలుపు. గైనకాలజిస్టు వరుసలో ఉన్నారా, లేక ఖాళీగా ఉన్న ఎవరో ఒక డాక్టర్‌కు తగిలిందా? గ్రామీణ ప్రాంతాల సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో స్పెషలిస్టుల కొరత సుమారు 80 శాతం అని కేంద్రం 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో చెప్పింది. ఆ కొరతను దాటడానికే కదా హబ్ పెట్టింది. కానీ హబ్‌లోని స్పెషలిస్టు కూడా అదే కొరతలోంచి వచ్చిన మనిషి. ఆమెకు ఉదయం ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, మధ్యలో కాల్స్ అయితే, కొండమీది కాల్ వేచి చూడాల్సిందే. టెలివైద్యం డాక్టర్‌కు ప్రయాణం తప్పిస్తుంది. రోజులో గంటలను పెంచదు.

రెండో మలుపు పరీక్ష. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని డాక్టర్ అడుగుతారు. అది చూసే పరీక్ష పట్టీ క్లినిక్‌లో ఉంటే రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. లేకపోతే ఎంత గొప్ప డాక్టరైనా ఊహించి చెప్పాలి. ఇలాంటి ఊరి క్లినిక్‌లో, అంటే సబ్ సెంటర్ స్థాయిలో, 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉండాలని జాబితా ఉంది. జాబితాలో ఉండడం, ఆ రోజు అరలో ఉండడం ఒకటి కాదని క్లినిక్‌లో పనిచేసినవారందరికీ తెలుసు. తెలంగాణ 2018లో మొదలుపెట్టిన డయాగ్నస్టిక్స్ కేంద్రాల ప్రాధాన్యం ఇక్కడే కనిపిస్తుంది. కింది ఆసుపత్రిలో తీసిన రక్తనమూనా పరీక్షల హబ్‌కు వెళ్లి, ఫలితం ఫోన్‌కు వస్తే, తర్వాతి టెలికన్సల్టేషన్‌లో డాక్టర్ చేతిలో ఆధారం ఉంటుంది. ఆ పరీక్షల వ్యవస్థను టెలివైద్య పథకం అని ఎవరూ అనరు గానీ, టెలివైద్యానికి అది వెన్నెముక లాంటిది.

మూడోది మందు. బీపీ తగ్గించే లాబెటలాల్ రాశారనుకుందాం. అది క్లినిక్‌లో లేకపోతే చీటీ పట్టుకుని కిందికి దిగాలి. అంత దూరం దిగేటప్పుడు నేరుగా ఆసుపత్రికే పోవచ్చు కదా అని కుటుంబం అనుకుంటుంది. వాళ్ల ఆలోచన సరైనదే. మందు దొరకని చోట టెలికన్సల్టేషన్ ఒక అదనపు పని అవుతుంది. క్యూ తగ్గకపోవడానికి ఒక జవాబు ఇక్కడ ఉంది.

నాలుగో మలుపు చాలా చోట్ల దారి తెగిపోయేది. డాక్టర్ వెంటనే ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. కాల్ అక్కడితో ముగిసింది, పోర్టల్‌లో ఒక కన్సల్టేషన్ నమోదైంది. ఆ తర్వాత ఆమె వెళ్లిందా? 108 వచ్చిందా? అక్కడ డ్యూటీ డాక్టర్‌కు ఈమె వస్తోందని ముందే కబురు అందిందా, లేక మళ్లీ ఓపీ చీటీ రాయించుకుని మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చిందా? రిఫరల్ చేరిందో లేదో వెనక్కి తెలిసే ఏర్పాటు లేకపోతే, ఆమె దారిలోనే ఆగిపోయినా పోర్టల్ దృష్టిలో ఆ కేసు పూర్తయినట్టే.

చివరిది తిరిగి చూడడం. మూడు రోజుల తర్వాత బీపీ ఎంత ఉందో చూసి, ఇంకో కాల్ కలపాలి. ఈసారి వేరే డాక్టర్ వస్తే పాత చీటీ, పాత రీడింగు ఆయన తెర మీద కనిపించాలి. కనిపించకపోతే ప్రతి కాల్ మొదటి కాలే అవుతుంది.

ఈ ఐదింటిలో వీడియో నాణ్యతతో సంబంధం ఉన్నది ఒక్కటీ లేదు. సిగ్నల్ లేని చోట కాల్ కలవడమే కష్టమన్నది వాస్తవం. అయితే సిగ్నల్ వచ్చిన రోజున ఈ ఐదు సమస్యలూ వాటంతటవి తీరవు.

అంకె టార్గెట్‌గా మారితే

ఏ పథకంలోనైనా ఒక అంకెను రోజూ సమీక్షిస్తే కింది ఉద్యోగి దృష్టంతా ఆ అంకె మీదే ఉంటుంది. రోజుకు ఇన్ని కన్సల్టేషన్లు కావాలని లక్ష్యం పెడితే, దాన్ని చేరే తేలిక మార్గం రెండు నిమిషాల్లో అయిపోయే కేసులు కలపడం. నెలనెలా బీపీ మాత్రలు తీసుకెళ్లే పెద్దాయన విషయంలో మార్చాల్సింది ఏమీ లేకపోయినా ఒక కాల్ కలిపితే లెక్కలో పడుతుంది. అదే సమయంలో ఇరవై నిమిషాలు పట్టే మానసిక కుంగుబాటు కేసు కూడా ఒక్కటే లెక్క.

ఇది ఎంఎల్‌హెచ్‌పీల తప్పుగా చూడకూడదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద పనిచేసే ఉద్యోగులు వాళ్లు. రక్తపోటు, మధుమేహం సర్వేలు, టీకాలు, రకరకాల యాప్‌లలో నమోదులు అన్నీ వాళ్ల మీదే ఉన్నాయి. ఏ అంకె అడిగితే ఆ అంకె ఇస్తారు. అడగాల్సింది వేరే అంకె అయినప్పుడు మారాల్సింది అడిగే చోటే.

పాత రోగి మందుల కొనసాగింపు కాల్స్ వృథా అని కూడా దీని అర్థం కాదు. బీపీ, షుగర్ ఉన్నవారికి క్రమం తప్పని సంప్రదింపు చాలా విలువైనది. కాకపోతే దాని విలువను కాల్స్ సంఖ్యతో కాకుండా, ఆరు నెలల తర్వాత ఎంతమందికి బీపీ అదుపులో ఉందో చూసి తేల్చాలి. కాల్స్ తగ్గి, అదుపులో ఉన్నవారు పెరిగితే అది ఎదుగుదలే. ఇప్పటి జాబితాల్లో అలాంటి రాష్ట్రం వెనకబడినట్టు కనిపిస్తుంది.

గుండెపోటు, కంటిచూపు: పూర్తిగా పండిన రెండు చోట్లు

అన్ని దశలూ కలిసొచ్చిన టెలివైద్యం మన దగ్గర లేదనుకుంటే పొరపాటు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సహకారంతో ఆంధ్రప్రదేశ్ చేపట్టిన స్టెమి (తీవ్రమైన ఒక రకం గుండెపోటు) కార్యక్రమం చూడండి. ఛాతీ నొప్పితో వచ్చిన రోగికి కింది ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు. అది హబ్‌లోని గుండె వైద్యుడికి చేరుతుంది. ఆయన గుండెపోటని తేల్చితే, గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. ఖరీదైన ఆ మందును కింది ఆసుపత్రిలోనే ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఆ తర్వాత హబ్‌కు తరలిస్తారు.

ఇక్కడ వీడియో కాల్ ముఖ్యం కాదు. ఒక కాగితం ఫొటో, ఒక నిర్ణయం, ఒక మందు, ఒక అంబులెన్స్ వరుసగా కట్టి ఉన్నాయి. నొప్పి మొదలైన ఎంతసేపటికి మందు పడిందన్నది కొలిచే విషయం. ఆ సమయం తగ్గిందో లేదో చెప్పవచ్చు, ఎక్కడ ఆలస్యమైందో వేలు పెట్టి చూపవచ్చు. ఐదు మెట్ల లెక్కలో ఇది నాలుగో మెట్టు లక్షణం.

కంటి వైద్యంలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నడిపే విజన్ సెంటర్లు ఇంకో రకం ఉదాహరణ. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టే ఈ కేంద్రాల్లో శిక్షణ పొందిన టెక్నీషియన్ కళ్లు పరీక్షిస్తారు. అద్దాలు అక్కడే దొరుకుతాయి. అనుమానం ఉంటే పై కేంద్రంలోని డాక్టర్‌ను సంప్రదిస్తారు. ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపాలో ముందే తెలుసు, ఎందుకంటే పై కేంద్రం కూడా అదే సంస్థది. ప్రభుత్వ వ్యవస్థలో ఇది కష్టం కావడానికి ప్రధాన కారణం కూడా ఇదే. సబ్ సెంటర్ ఒక విభాగం కింద, ఏరియా ఆసుపత్రి ఇంకో విభాగం కింద, బోధనాసుపత్రి మరో విభాగం కింద ఉంటాయి. రోగి ఈ గీతలు దాటి వెళ్తారు. రికార్డు, బాధ్యత గీత దగ్గరే ఆగిపోతాయి.

మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ కూడా ప్రస్తావించదగినది. 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి కేంద్ర స్థానం. వైద్యంలో మాటే ప్రధానమైన చోట ఫోన్ సహజంగానే బాగా పనిచేస్తుంది.

ఇతర దేశాలు వెళ్లిన దారులు

నార్వే 1996లోనే టెలివైద్యానికి జాతీయ స్థాయిలో ఫీజు పట్టిక పెట్టింది. దూరం నుంచి చూసిన రోగికి ఆసుపత్రికి ఎంత చెల్లించాలో అందులో ఉంటుంది. ఇది పొడిగా కనిపించే విషయమే గానీ, దీంతో టెలివైద్యం ఉత్సాహవంతుల ప్రయోగంగా మిగిలిపోకుండా మామూలు పనిగా మారింది. మన ప్రభుత్వ డాక్టర్‌కు హబ్ కాల్స్ తరచూ అసలు పని మీద పడిన అదనపు బరువు. ప్రైవేటు రంగంలో టెలికన్సల్టేషన్ ఖర్చును బీమాలో చేర్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లో బీమా కంపెనీలకు సూచించింది. ప్రభుత్వ రంగంలో దానికి సమానమైన ఆలోచన బలంగా రాలేదు.

బ్రెజిల్ మనకు దగ్గరి పోలిక, ఎందుకంటే అక్కడా పెద్ద దేశం, అసమాన పంపిణీ, ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ. 2007లో మొదలైన అక్కడి జాతీయ టెలిహెల్త్ కార్యక్రమం మొదటి దృష్టి రోగి మీద కాకుండా ఊళ్లోని ప్రాథమిక వైద్య సిబ్బంది మీద పెట్టింది. వాళ్లకు వచ్చిన సందేహానికి పైనుంచి ఆధారాలతో కూడిన జవాబు ఇవ్వడం ప్రధాన పని. రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలో స్పెషలిస్టుల కోసం వేచి ఉన్నవారి జాబితాలను కూడా టెలిహెల్త్ బృందం పరిశీలిస్తుంది. కింది డాక్టర్‌తో మాట్లాడి, అక్కడే నయం చేయగలిగినవారిని అక్కడే ఉంచి, అత్యవసరమైనవారిని ముందుకు జరుపుతుంది. అంటే టెలివైద్యం నేరుగా క్యూ మీదే పనిచేస్తోంది. మన దగ్గర టెలివైద్యం క్యూ పక్కన ఇంకో కౌంటర్‌లా ఉంది.

ఆస్ట్రేలియా కోవిడ్ సమయంలో అందరికీ టెలివైద్యం తెరిచి, 2020 జూలైలో ఒక షరతు పెట్టింది. కుటుంబ వైద్యుడికి ప్రభుత్వ చెల్లింపు రావాలంటే, కొన్ని మినహాయింపులు పోగా, గత 12 నెలల్లో ఆ రోగిని నేరుగా చూసి ఉండాలి. తెలిసిన డాక్టర్‌తో సంబంధం తెగకుండా చూడడం దాని ఉద్దేశం. మన హబ్ పద్ధతిలో ఏ కాల్ ఏ డాక్టర్‌కు వెళ్తుందో ముందే తెలియదు కాబట్టి, ఈ షరతు వెనకున్న ఆలోచన మనకు ఎక్కువ పనికొస్తుంది.

రువాండా అనుభవం హెచ్చరిక లాంటిది. బాబిలోన్ అనే బ్రిటిష్ కంపెనీ అక్కడ బేబిల్ పేరుతో ఫోన్ వైద్యం నడిపింది. 2020లో ప్రభుత్వంతో పదేళ్ల ఒప్పందం కుదిరింది. 2023లో మాతృసంస్థ కుప్పకూలడంతో సేవ మూతపడింది. ఈ కోణంలో ఈ-సంజీవని బలంగా ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ సంస్థది, సేవ ఉచితం, ఒక కంపెనీ భవిష్యత్తు మీద అది ఆధారపడి లేదు.

రికార్డు ఎవరి దగ్గర, హామీ ఎవరిది

2021 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 14 అంకెల ఆభా నంబరు ఇస్తుంది. ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా రికార్డు ఆ నంబరుకు ముడిపడి, రోగి ఒప్పుకుంటే ఇంకో డాక్టర్‌కు కనిపించాలన్నది దాని రూపకల్పన. గర్భిణి ఉదాహరణలో చివరి రెండు మలుపులకు మందు ఇదే. అయితే నంబరు ఉండడం ఒక దశ, ఆ నంబరు కింద చదవదగిన రికార్డు ఉండడం రెండో దశ, ఆసుపత్రి డాక్టర్ దాన్ని తెరిచి చూడడం మూడో దశ. నంబర్లు కోట్లలో తయారయ్యాయి. రద్దీ ఓపీలో రోగికి మూడు నిమిషాలిచ్చే డాక్టర్ పాత రికార్డు తెరవాలంటే అది ఒక్క నొక్కుతో ముందుకు రావాలి.

గోప్యత ఇంకా సున్నితమైన విషయం. చిన్న ఊళ్లో ఒకే గదిలో స్పీకర్ మీద నడిచే కాల్‌లో తెల్లబట్ట గురించో, మద్యం గురించో, గర్భస్రావం గురించో రోగి ఎలా మాట్లాడగలరు? డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. చట్టం సర్వర్‌లోని సమాచారాన్ని చూసుకుంటుంది. గదికి ఒక తెర, చెవికి ఒక ఇయర్‌ఫోన్ మాత్రం క్లినిక్‌లోనే ఏర్పాటు కావాలి. ఖర్చు తక్కువ, ప్రభావం ఎక్కువ ఉన్న మార్పుల్లో ఇదొకటి.

వైద్యుల వైపు నియమాల్లో ఒక అస్థిరత కూడా ఉంది. వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో కొత్త వృత్తి నియమావళి తెచ్చి, అందులో టెలిమెడిసిన్ మార్గదర్శకాలను చేర్చింది. అదే నెలలో ఆ నియమావళి మొత్తాన్ని పక్కన పెట్టింది.

ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాం

ఐదు మెట్ల లెక్కలో చూస్తే ఈ-సంజీవని రెండో మెట్టు దాటి మూడో మెట్టు మీద ఒక కాలు పెట్టింది. ఏ రాష్ట్రంలోనైనా ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే చీటీ, ఒకే నియమావళి ఉన్నాయి. ఇంత పెద్ద దేశంలో ఇది సాధించడం గొప్ప విషయం. రెండో కాలు ఇంకా కిందే ఉంది, ఎందుకంటే మందు, పరీక్ష, రిఫరల్ ఇంకా ఆ పద్ధతిలో భాగం కాలేదు. నాలుగో మెట్టుకు కావలసిన ఫలితాల కొలత సాధారణ ఓపీలో దాదాపు మొదలుకాలేదు.

దీనికి కొత్త యంత్రాలు ముందు అవసరం లేదు. పోర్టల్‌లో ఇప్పటికే ఉన్న సమాచారంతో కొన్ని లెక్కలు జిల్లాల వారీగా బయటపెట్టవచ్చు: కాల్ కలపడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని కాల్స్ మధ్యలో తెగాయి, ఒక్కొక్కటి సగటున ఎన్ని నిమిషాలు నడిచింది, అందులో అదే రోగి అదే మందు కోసం చేసినవి ఎన్ని. రాసిన మందును క్లినిక్ నిల్వల లెక్కతో పోల్చి చూస్తే, ఎన్ని చీటీలకు మందు అక్కడే దొరికిందో తెలిసిపోతుంది. రిఫరల్ విషయంలో మాత్రం ఒక కొత్త పని కావాలి. పంపిన రోగి చేరినప్పుడు ఆసుపత్రి కౌంటర్‌లో ఒక టిక్కు పెట్టాలి, చేరకపోతే మూడో రోజున ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఒక సందేశం వెళ్లాలి.

ఈ ఒక్క ఏర్పాటును గర్భిణుల రిఫరల్స్‌తో, ఏజెన్సీ మండలాల్లో మొదలుపెట్టడం సబబు. అక్కడ దారి తెగితే నష్టం ఎక్కువ. పైగా గర్భిణుల వివరాలు ఏఎన్ఎం దగ్గర పేరుపేరునా నమోదై ఉంటాయి కాబట్టి, ఎవరు చేరారో ఎవరు చేరలేదో తేల్చడం మిగతా రోగులకంటే సులభం.